తమ్ముడి మంచం స్క్రీన్‌షాట్

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాళ్లతో తగాదా పెట్టుకునే మనిషిని నేను. ఐదో తరగతితో బడి మానేసి, సిరిసిల్లలో మరమగ్గం నడుపుతూ సొంతంగా చదువుకున్నాను. కంప్యూటర్ కూడా ఎవరూ నేర్పలేదు. విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించుకుని ఏళ్లుగా వాడుతున్నాను. చెడితే నేనే బాగు చేసుకుంటాను.

నా తమ్ముడు రాజేశం మస్కట్‌లో పనిచేసేవాడు. అక్కడే గుండె ఆపరేషన్ అన్నారు. మన టైము పదకొండింటికి లోపలికి తీసుకుపోతారు. అంతకుముందు ఒక్కసారి ముఖం చూపించడానికి, వాడితో ఉండే పెగడపల్లి మల్లేశం ఆసుపత్రి గదిలో ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు.

సరిగ్గా ఆ ఉదయమే నా కంప్యూటర్‌లోకి కొత్త కర్నెల్ దిగింది. యంత్రాన్నంతా నడిపే మూలభాగం అది. బాగున్నదాన్ని ఎందుకు కదుపుతారో దాన్ని తయారుచేసే మహానుభావులకే తెలియాలి. వీడియో కాల్ నడిచే బ్రౌజర్ నత్తనడక పట్టింది. మాట వస్తోంది, బొమ్మ కదలడం లేదు.

కనిపించిందల్లా ఖాళీ మంచం. మడిచిన దుప్పటి. దాని మీద నేను నేసి పంపిన తువ్వాల.

"ఏడికి పోయినవ్‌రా రాజేశం? మంచం మీద లేవు."

"మంచం మీదనే ఉన్న గదనే అన్నా. ఇగ గా డబ్బను పాత సామాన్ల ఎయ్యి."

"మరి తువ్వాల మడిచిపెట్టినవేంది?"

"భుజాల మీదనే ఉన్నది. సలి పెడ్తాంది."

కోపమొచ్చింది. కర్నెల్‌వాళ్లకు ఫిర్యాదు రాద్దామని స్క్రీన్‌షాట్ తీశాను. ఫైలు మీద టైము పది ఇరవై. బ్రౌజర్ వివరాల పేజీ తెరిస్తే, గ్రాఫిక్స్ చిప్ పని మానేసింది, బొమ్మల భారమంతా ప్రాసెసర్ మీద పడింది అని తేలింది. కంప్యూటర్ ఆపి, మళ్లీ మొదలయ్యేటప్పుడు వచ్చే జాబితాలో పాత కర్నెల్ ఎంచుకున్నాను. మళ్లీ కాల్ కలిపితే బొమ్మ తడబడకుండా వచ్చింది. తమ్ముడు మంచం మీదే ఉన్నాడు. తువ్వాల భుజాల మీదే ఉంది.

"ఇగో, ఇప్పుడు కనవడ్డనా?" అని నవ్వాడు. రెండు నిమిషాలు చూసుకున్నాను. అంతే. ఆపరేషన్ బల్ల మీదే పోయాడు.

సాయంత్రం మల్లేశం ఆ ఆసుపత్రి గది ఫోటో పంపాడు. ఖాళీ మంచం, మడిచిన దుప్పటి, మీద తువ్వాల. "ఆయన పోయినంక నేనే మడిచిన పెద్దన్నా," అన్నాడు. నా స్క్రీన్‌షాట్ పక్కన పెట్టి చూశాను. తువ్వాల అంచులో నేను నేతలో తప్పిన ఎర్ర పోగు కూడా రెండింటిలో ఒకే మూలకు తిరిగి ఉంది.

ఆలస్యమంటే జరిగింది కాసేపటి తర్వాత కనిపించాలి. జరగనిది ముందే కనిపించడానికి నాకు తెలిసిన కారణమేదీ లేదు. ఎవరైనా చెబితే వింటాను.

స్క్రీన్‌షాట్ జతచేసి ఫిర్యాదు పంపితే, కర్నెల్‌వాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. తప్పు వాళ్లదేనట, సరిచేశారట. చివర ఒక్కటి అడిగారు: ఇందులో మనిషే లేడు, ఈ బొమ్మ ఎందుకు పంపారు?