అమావాస్యకే సెలవు

దేవేంద్రప్పకు నలభై రెండేళ్లు. అందులో ముప్పై ఏళ్లు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకునే గడిచిపోయాయి. ఎమ్మిగనూరులో వాళ్ల వీధిలో మగ్గాల చప్పుడు ఆగేది నెలకు ఒక్క రోజే, అమావాస్య నాడు. ఆ రోజు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, పడుగులో అటూ ఇటూ దారం లాగే నాడెను తుడిచి పక్కన పెడతారు. ఆదివారాలు, పండగ సెలవులు ఆఫీసుల వాళ్లవి. ఈ ఇంట్లో సెలవంటే అమావాస్య. వాళ్ల తాతకూ అంతే, నాయనకూ అంతే.

అతనికి ఒక్కతే కూతురు, మహేశ్వరి. తొమ్మిదేళ్లు. ఒక్క చోట నిలిచే పిల్ల కాదు. అన్నం తింటూ తింటూ లేచి గోడెక్కేది. బడిలో టీచరు లెక్క సగం చెప్పేలోపు వరండాలో ఉండేది. రెండుసార్లు మగ్గం గదిలో దూరి, పడుగులో చేయి పెట్టి దారాలు తెంపింది. రెండోసారి దేవేంద్రప్ప చేతికందిన కర్రతో కొట్టాడు. ఆ తర్వాత లోపలికి రానిచ్చేవాడు కాదు. పిల్ల గడప అవతల నిలబడి అడిగేది.

"నాయనా, నేను రావొచ్చునా?"

"నీకు ఈడేం పని? పో అవతలికి."

ఆగస్టులో టీచరే పోరుపెట్టి ఆదోనికి పంపించింది. కర్నూలు నుంచి పిల్లల మానసిక వైద్యుడు నెలకో ఆదివారం అక్కడికి వస్తాడు. ఆయన పిల్లను చాలాసేపు చూసి, మనసు ఒక్క చోట నిలవదు, దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు, పిల్ల తప్పూ కాదు, మీ తప్పూ కాదు అన్నాడు. రెండు నెలలకు మాత్రలు రాశాడు. పొద్దున టిఫిన్ తిన్నాక ఒకటి. సెలవు రోజుల్లో వద్దు. మళ్లీ వచ్చేటప్పుడు మిగిలిన మాత్రలు తెచ్చి చూపించాలి.

మాత్ర పనిచేసింది. వారం తిరిగేసరికి పిల్ల పాఠం మొత్తం విని, మొత్తం రాసుకుని వచ్చింది. టీచరు సంతోషంతో ఫోన్ చేసింది. ఆ మరుసటి వారమే దేవేంద్రప్ప భార్య తాయమ్మ బండల మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. రాట్నం మీద నూలు కండెలు చుట్టేవాళ్లు లేరు. కండె లేకపోతే నాడెలో దారం లేదు, మగ్గం ఆడదు. ఆ ఆదివారం కూడా మాత్ర వేసుకుని, మహేశ్వరి తనంతట తానే రాట్నం ముందు కూర్చుంది. మధ్యాహ్నం మూడు దాకా లేవలేదు. ఒక్క దారం తెగలేదు.

"నా బంగారు," అన్నాడు దేవేంద్రప్ప. కూతుర్ని ఆ మాట అనడం అతనికి అదే మొదలు. రాట్నాన్ని గడప దాటించి, మగ్గం పక్కనే వేయించాడు.

తర్వాతి ఆదివారాలన్నీ అట్లే పోయాయి. దసరా సెలవులు కూడా. అమావాస్య నాడు మాత్రం మాత్ర వేయలేదు. డాక్టరు సెలవు రోజు వద్దన్నాడు కదా.

అక్టోబరులో మళ్లీ ఆదోనికి బయల్దేరినప్పుడు అతనికి ఒకటే భయం. పిల్ల గౌను భుజాల మీద నిలవడం లేదు. తూకం తగ్గితే డాక్టరు మాత్ర ఆపేస్తాడేమో. ఆపేస్తే బడి పోతుంది, కండెలూ పోతాయి. ఆదోని బస్టాండులో దిగగానే రెండు గ్లాసుల మజ్జిగ తాగించాడు. రెండో గ్లాసు సగంలో పిల్లకు వాంతి వచ్చేట్టయింది. అయినా ముక్కు మూసుకుని తాగేసింది.

క్లినిక్కులో బెంచీల మీద జనం నిండి ఉన్నారు. పోయినసారి పరిచయమైన రాజేశ్వరి అతన్ని చూసి పక్కకు జరిగింది. ఆమె భర్తది మార్కెట్ యార్డులో పత్తి వ్యాపారం. కొడుకు ఉదయ్ ఏడాదిగా ఇవే మాత్రలు వాడుతున్నాడు.

"ఎట్లుందన్నా పాపకు?"

"బాగుందమ్మా. గమ్మున కూకుంటాది."

"తింటాందా?"

"పొద్దున తింటాది. మద్యాన్నం ముద్ద ముట్టదు."

"మావాడూ అంతే. బడికి కట్టిచ్చిన క్యారేజి కట్టిచ్చినట్టే ఎనక్కి వస్తాది. అందుకే సాయంత్రం మాత్ర పట్టు దిగినాక పెడతా. ఆదివారమైతే రెండు పూటలదీ ఒక్కసారే తింటాడు."

ఎదురు బెంచీ మీద సి.బెళగల్ నుంచి వచ్చిన రైతు తిమ్మన్న అందుకున్నాడు. "మావాడు మాత్ర ఏసినా ఏయకున్నా మేకల కంటే ముందే ఉరుకుతాడు. డాక్టరు మందు మార్చినాడు. ఇప్పుడు మేకలతో సమానంగా ఉరుకుతాండాడు."

రాజేశ్వరి నవ్వింది. నవ్వు ఆగాక గొంతు తగ్గించి అడిగింది.

"అన్నా, మీ పాప నగుతాందా? మావాడు మాత్ర ఉన్నంతసేపు నగడు. ఆదివారం మాత్రం ఇల్లు పీకి పందిరేస్తాడు. వాళ్ల నాయన తిడతాడు గానీ, నేను ఆ ఒక్క రోజు కోసమే కాసుకోని ఉంటా."

దేవేంద్రప్ప కూతురివైపు చూశాడు. పిల్ల ఎప్పుడు నవ్విందో గుర్తు చేసుకోబోయాడు. రాలేదు. రాజేశ్వరి సంచిలోంచి మాత్రల అట్టలు తీసి సర్దుకుంటోంది.

"ఇరవై మిగిల్నాయి. ఆదివారాలు, దసరా, వినాయక చవితి. మీకెన్ని మిగిల్నాయి?"

అతను జేబులో చేయి పెట్టాడు కానీ బయటికి తీయలేదు. అతని అట్టలో మిగిలినవి రెండు. రెండు అమావాస్యలు. డాక్టరు చెప్పిన సెలవు ఎవరి సెలవో అతనికి ఆ మొదటి ఆదివారమే అనుమానం వచ్చింది. అడిగితే ఏం చెబుతారో తెలిసే ఎవరినీ అడగలేదు.

లోపల తూకం చూశారు. ఆగస్టులో ఇరవై మూడు కిలోలు. ఇప్పుడు మజ్జిగతో కలిపి ఇరవైన్నర. డాక్టరు అట్టలు తిరగేసి చూశాడు.

"సెలవు రోజుల్లో కూడా వేశారా?"

"అమావాస్యకు ఏయలేదు సార్."

డాక్టరుకు అర్థం కాలేదు. పిల్లవైపు తిరిగాడు. "దసరా సెలవుల్లో ఏం చేశావమ్మా?"

"కండెలు సుట్టినా సార్," అంది మహేశ్వరి గర్వంగా. "నాయన పక్కనే కూకోని. రోజంతా."

డాక్టరు కోప్పడలేదు. అరిచినా బాగుండేదనిపించింది దేవేంద్రప్పకు. మందు మంచిదే, బడి కోసం రాశాను, పని కోసం కాదు అన్నాడాయన. ఒక నెల ఆపుదాం, బరువు రానిద్దాం, తర్వాత చూసి తక్కువ మోతాదు ఇద్దాం, టీచరుకు చీటీ రాసిస్తాను అన్నాడు.

మహేశ్వరి బల్ల మీదున్న అట్టను రెండు చేతులతో పట్టుకుంది.

"ఆపొద్దు సార్. నాకు ఆకలి కాదు. ఇంకా మజ్జిగ తాగుతా. మాత్ర లేకుంటే నాయన నన్ను లోపలికి రానీడు."

బస్సులో దేవేంద్రప్ప పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. తేలిగ్గా ఉంది.

మరుసటి ఆదివారం పొద్దున మాత్ర లేదు. పిల్ల రెండు దోసెలు తిని, మూడోది చేతిలో పట్టుకుని, వీధి ఆ కొసకు ఈ కొసకు నాలుగుసార్లు పరుగెత్తి వచ్చింది. మగ్గం గది గడప దగ్గరికి రాగానే తనే ఆగిపోయింది. నిలబడిన చోటే కాళ్లు కదులుతున్నాయి.

"రామ్మా, లోపలికి రా," అన్నాడు దేవేంద్రప్ప.

"వద్దులే నాయనా. మాత్ర ఏసుకోలేదు గదా."

"ఏసుకోకున్నా రా."

"దారం తెంపుతా."

"తెంపితే తెంపు. నేను ముడేసుకుంటా."

పిల్ల తల అడ్డంగా ఊపింది. అతను పడుగులో చేయి పెట్టి, ముందున్న దారాన్ని వేలికి చుట్టి పుటుక్కున తెంపాడు.

"చూడు, నేనూ తెంపినా. ఏమైంది? ఏం కాలేదు."

మహేశ్వరి ఆ దారాన్ని చూసింది. నాయన చేతిని చూసింది. రెండడుగులు వెనక్కి వేసి, వీధి అరుగుకు ఆనుకుంది.

"నేను కాదు నాయనా. నేను ఈడే ఉండా," అని రెండు చేతులూ ఎత్తి చూపించింది. ఒక చేతిలో దోసె ముక్క ఉంది.