మాంచెస్టర్ నుంచి మ్యూనిక్‌కి

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో, వృద్ధుల వార్డులో నర్సు రోజమ్మ. సొంతూరు ఒంగోలు. తండ్రి పోయాక తమ్ముడు షాలేమ్ రాజును ఇంజనీరింగ్ చదివించింది ఆమే. 2014లో అతనికి జర్మనీలోని మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు చర్చిలో లేచి నిలబడి, దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పింది.

"మీ దగ్గర్లోని మాంచెస్టర్ నుంచి పదకొండు వందల కిలోమీటర్లేనక్కా. ఫ్లైట్‌లో రెండు గంటలు. మన ఒంగోలు నుంచి హైదరాబాద్‌కి బస్సులో ఏడు గంటలు పడుద్ది" అన్నాడు రాజు ఫోన్లో.

అంత దగ్గరని తెలిశాక ఆమె తొందరపడటం మానేసింది. ఈస్టర్‌కు వెళ్దామంటే డ్యూటీల రోటాలో సెలవు దొరకలేదు. వేసవిలో కూతురికి ఆటలమ్మ పోసింది. క్రిస్మస్‌కు తానే వస్తానన్న రాజుకు ఆఫీసు పని అడ్డొచ్చింది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున ఆమె డ్యూటీకి బయల్దేరుతుంటే, రాజుతో పాటు ఒకే ఫ్లాట్‌లో ఉండే అఖిలేష్ ఫోన్ చేశాడు.

"అక్కా, రాజన్న బాత్రూంల పడిపోయిండు. తలల నరం చిట్లిందంటున్నరు. మిషన్ మీద పెట్టిన్రు. జల్ది రండక్కా."

భర్త రత్నబాబు అప్పటికప్పుడు మధ్యాహ్నం ఫ్లైట్‌కు టికెట్ తీసి, కొండదారిలో మంచు పడుతున్నా ఆగకుండా ఆమెను మాంచెస్టర్ ఎయిర్‌పోర్టుకు చేర్చాడు. కౌంటర్‌లోని అమ్మాయి ఆమె ఇండియన్ పాస్‌పోర్టు పేజీలన్నీ తిప్పి, జర్మనీకి వీసా ఏదని అడిగింది. రోజమ్మ బ్రిటన్‌లో ఉండేందుకిచ్చిన కార్డు చూపించింది. అది అక్కడికి చెల్లదని, మన్నించమని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది.

కారులో కూర్చున్నాక రత్నబాబు, "నాదే తప్పు. కార్డుంటే చాలనుకున్నా" అన్నాడు.

"నేను మాత్రం అడిగానా" అంది రోజమ్మ.

శని, ఆదివారాలు వీసా ఆఫీసుకు సెలవు. శనివారం అక్కడి డాక్టరు ఫోన్లో మాట్లాడాడు. వెలుతురు వేస్తే కంటిపాప చిన్నదవుతోందా అని ఆమె అడిగింది. లేదన్నాడు. ఇక ఆశ లేదనే ఇలాంటి జవాబు తన వార్డులో ఎంతమందికో తనే చెప్పింది. ఒంగోల్లో తల్లికి మాత్రం ఏమీ చెప్పలేదు.

రాజు చెవి దగ్గర ఫోన్ పెట్టమని అఖిలేష్‌ను అడిగింది. ప్రార్థన చేద్దామనుకుంది. కానీ మిషన్ ఊపిరి చప్పుడు వింటూ, "లేరా నాన్నా, ఆఫీసుకు టైమవుద్ది" అంది.

ఆదివారం మధ్యాహ్నం రాజు పోయాడు. వయసు ఇరవై ఎనిమిది.

సోమవారం ఆసుపత్రి ఉత్తరం చూపిస్తే లండన్‌లో సాయంత్రానికే వీసా ఇచ్చారు. మంగళవారం ఆమె మ్యూనిక్‌లో దిగి, తల్లికి ఫోన్ చేసి రాజు పోయాడని చెప్పింది; ఎప్పుడన్నది చెప్పలేదు. మార్చురీలో తమ్ముడి చెంప మీద, గొట్టానికి అంటించిన టేపు జిగురు ఎండిపోయి ఉంది. రుమాలు తడిపి నెమ్మదిగా తుడిచింది. ఆ పని ఆమె చేతులకు అలవాటే. ఎంత తుడిచినా మరక కాస్త మిగిలిపోయింది.

బయటికొచ్చి, "ఆ పొద్దున ఏమన్నా అన్నాడా?" అని అఖిలేష్‌ను అడిగింది.

"చాయ్ పెట్టురా, వస్తున్నా అన్నడక్కా."

తమ్ముణ్ణి ఉంచిన పెట్టెతో పాటు ఒంగోలు వెళ్లింది. సమాధి కార్యక్రమం అయ్యాక తల్లి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వెళ్లేసరికి వాడి చెయ్యి ఇంకా వెచ్చగానే ఉందా అమ్మా?"

రోజమ్మ తల దించుకుంది.

"ఉందమ్మా" అంది.