వేడి తెలియని పాదాలు

ఆ గుడ్ ఫ్రైడే నాడు ఆరాధన ముగిసేసరికి మూడు దాటింది. మారేడ్‌పల్లిలోని మా చర్చిలో చెప్పులు గేటు దగ్గరే విడుస్తాం. లోపల ఆవరణంతా సిమెంటు. ఉపవాసం ఉన్నవాళ్ళకు మజ్జిగ పోసే పని ఏటా నాదే. అందరూ అరికాళ్ళు ఎత్తెత్తి వేస్తూ నీడకు పరుగెడుతుంటే, నేను ఎండలోనే నిలబడి గ్లాసులు నింపాను.

"కాళ్ళు కాలుతలేవా అక్కా నీకు?" అని అడిగింది మా సంఘంలోని సువార్తమ్మ.

"దేవుని పనిల ఉంటే ఏం తెలుస్తలేదమ్మా," అన్నాను. నిజంగానే తెలియలేదు. అది కృప అనుకుని అందరి ముందూ స్తోత్రం చెప్పాను.

సాయంత్రం ఇంట్లో గచ్చు మీద నా అడుగుల తడి చూసి మా ఆయన ఆపారు. రెండు అరికాళ్ళకూ బొబ్బలు. కుడికాలివి అప్పటికే పగిలాయి.

"నడు, దవాఖానకు పోదాం."

"ఈస్టర్ అయినంక పోదాం. నొప్పే లేదు."

"నొప్పి లేదంట. మొండిదానివే నువ్వు."

నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పాడు. దేవుడికిచ్చేది మొదటిది కావాలి, మచ్చలేనిది కావాలి అని అప్పుడే చెప్పాడు. తెల్లవారి మొదటి గంట దేవుడికే ఇచ్చాను. మోండా మార్కెట్లో కొన్న పండ్లలో మంచివి ఏరి పాస్టరుగారింటికి పంపాను. పన్నెండేళ్ళుగా షుగర్ ఉన్నా శుక్రవారం ఉపవాసం తప్పలేదు. ఆ రోజు మాత్రలు కూడా మానేసేదాన్ని. ఒంటిని చూసుకోవడం కూడా ఆయనకిచ్చేదే అని ఏనాడూ తోచలేదు.

సోమవారానికి కాలు వాసన వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు సన్నటి నైలాన్ తీగ తీసుకుని, "కళ్ళు మూసుకోండమ్మా, తగిలినప్పుడల్లా చెప్పండి," అన్నారు. కళ్ళు మూసుకుని చాలాసేపు ఎదురుచూసి, "ఎప్పుడు మొదలుపెడతారు సార్?" అని అడిగాను.

"అయిపోయిందమ్మా," అన్నారు. "న్యూరోపతి ఇది. నరాలు దెబ్బతిన్నాయి. నొప్పి తెలియకపోవడమే మీ జబ్బు."

నేను స్తోత్రం చెప్పింది ఆ జబ్బుకే. ఆ రోజు నాకు ప్రార్థన రాలేదు.

ఐవీ యాంటీబయాటిక్స్ ఎక్కించారు. రెండుసార్లు డీబ్రైడ్‌మెంట్ అని కుళ్ళిన కండ కోసి తీశారు. ఎడమ పాదం మానింది. కుడిది కూడా మానుతుందని ఇంటికి పంపారు. మూడు వారాలకు బొటనవేలు నల్లబడింది. గ్యాంగ్రిన్ అన్నారు. ముందు వేళ్ళు తీశారు. ఇన్‌ఫెక్షన్ ఆగలేదు. "ఇంక కాలు గురించి కాదు, ప్రాణం గురించి ఆలోచించాలి," అన్నారు డాక్టరు. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

సువార్తమ్మ చూడటానికి వచ్చి, "పరీక్ష అక్కా ఇది. నీ విశ్వాసం పెద్దది," అంది.

"విశ్వాసం కాదమ్మా, షుగర్ పెద్దగున్నది," అన్నాను.

పాస్టరమ్మ ఒక్కరే ఉన్నప్పుడు మాత్రం అడిగాను: "మచ్చలేనిదే ఇయ్యాలని నేర్చుకున్న. ఇప్పుడు ఏమియ్యాలె అమ్మా?"

ఆమె నా దుప్పటి అంచు సర్దుతూ, "ఎండల నిలబడ్డవని మెచ్చుకున్నం గని, ఒక్కరం సుత నీ కాళ్ళు చూడలే," అని ఏడ్చింది.

ఇప్పుడు పెట్టుడు కాలుతో నడుస్తున్నాను. చర్చిలోకి బూటుతోనే వెళ్తాను. కొందరు పెద్దలు కిందికి చూస్తారు, చూడనీ. శుక్రవారం తిని, మాత్ర వేసుకునే ప్రార్థిస్తాను. ఎడమ పాదానికీ స్పర్శ లేదు. దానికీ ప్రమాదం ఉందని డాక్టరు ప్రతిసారీ చెబుతారు. అది ఇంకా నాతో ఉన్నందుకు రోజూ కృతజ్ఞత చెబుతాను.

షుగర్ ఉన్నవాళ్ళకు ఒక్క మాట. రోజూ అరికాళ్ళు కళ్ళతో చూసుకోండి. వంగలేకపోతే ఇంట్లోవాళ్ళకు చూపించండి. నాకు మా ఆయన చూస్తారు. భర్త ఒళ్ళో కాలు పెట్టడానికి సిగ్గుపడి మొదట్లో ముడుచుకునేదాన్ని.

"చాపవే, ఉన్నది ఒక్కటే గదా," అన్నారు ఒక రోజు.

చాపాను. టార్చి వేసి వేళ్ళ సందులు కూడా ఆయన చూశాకే మా ఇంట్లో కుటుంబ ప్రార్థన మొదలవుతుంది.