గుండు కొట్టించుకున్న జమ్మి

గొడ్డలి ముట్టకుండా, పట్టు పంచె కట్టుకొని, ఇరుగుపొరుగు చేత దండాలు పెట్టించి మరీ ఒక చెట్టును సర్వనాశనం చేసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నిజామాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌కు రండి. మూడో అంతస్తు. తలుపు నేనే తీస్తాను.

మా ఆవిడ శోభది బోధన్ దగ్గర ఎడపల్లి. వాళ్ల చెరుకు తోట గట్టున మొలిచిన జమ్మి మొలకను తెచ్చి, పళ్లెం లాంటి కుండీలో పెట్టి, కొమ్మలకు తీగ చుట్టి, వేళ్లు కత్తిరిస్తూ ఏళ్ల తరబడి బోన్సాయ్‌గా పెంచింది. ఎత్తు మూరెడు. మొదలు చూస్తే మాత్రం మా ముత్తాత ముఖమంత ముడతలు. దానికి ఆమె చెంచాతో నీళ్లు పోసే తీరు చూస్తే నాకు కుళ్లు పుట్టేది. జ్వరమొస్తే నాకు కూడా అంత నెమ్మదిగా మందు పోయలేదు. ఆ చలికాలం పూల ప్రదర్శనలో దాన్ని మొదటిసారి పెట్టాలని ఆమె ఆశ.

దసరా పొద్దున, తమ్ముడి కొత్త ట్రాక్టరుకు పూజ ఉందని పుట్టింటికి బయల్దేరుతూ ఒక్క మాటే చెప్పింది. "పొద్దూకేవరకు వస్త. చెట్టు జోలికి పోకుండ్రి."

నేను పోలేదు. అపార్ట్‌మెంటునంతా పంపాను.

మధ్యాహ్నం వాన దంచేసింది. జమ్మి పూజ జరిగే మైదానం నాట్లకు దున్నిన వరి మడిలా తయారైంది. జమ్మి ఆకు చేతిలో పెట్టి, కావలించుకొని అలాయ్ బలాయ్ ఇచ్చుకోకపోతే మాకు దసరా దసరా కాదు. కింది ఇంటి గంగారాం అన్న నొప్పుల మోకాళ్లతో మెట్లెక్కి వచ్చి, ఆ బురదలోకి ఎలా వెళ్లేదని దిగులుపడ్డాడు.

నాలో దానకర్ణుడు లేచి కూర్చున్నాడు. "మైదానమెందుకన్నా? జమ్మి మనింట్లనే ఉన్నది."

గంగారాం అన్న కుండీ చుట్టూ తిరిగాడు. "గిది చెట్టా, చెట్టు ఫొటోనా?"

"చెట్టేనే. కూసున్నది, గంతే."

కుండీని కిందికి దించి, స్టూలెక్కించి, పసుపు కుంకుమ పెట్టాను. మనిషికి ఒక్క ఆకే అని చాటింపు కూడా వేశాను. అంత జాగ్రత్తపరుణ్ణి! మరిచిందల్లా ఒకటే. జమ్మిని ఎవరూ తమకోసం తెంపుకోరు, పంచడానికి తెంపుతారు. అత్తకొకటి, బావకొకటి, స్కూటరు హ్యాండిల్‌కొకటి. ఒకాయన వర్నిలో ఉన్న వియ్యాలవారి పేరు చెప్పి పిడికెడు దూశాడు. మిడతల దండుకు లేనిది భక్తి ఒక్కటే. వీళ్లకు అదీ ఉంది.

చివరి ఆకును గంగారాం అన్న నా చేతిలోనే పెట్టి కావలించుకున్నాడు. "పండుగ మంచిగైంది తమ్మీ." ఆయన భుజం మీదుగా చూస్తే స్టూలు మీద తీగలు చుట్టిన పుల్ల ఒకటి కనిపించింది.

నా గుండె మెట్లు దిగిపోయింది. ఆకులు వెనక్కి రావాలి. అడిగితే పరువు పోతుంది. కానీ కావలించుకుంటే ఎవరైనా చేతిలో ఆకు పెట్టాల్సిందే కదా! ఇంటింటికీ వెళ్లి అలాయ్ బలాయ్ మొదలుపెట్టాను. నీళ్ల మోటరు గొడవతో నాతో మాటలు మానేసిన రెండో అంతస్తాయనను హత్తుకుంటే పాపం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నా చూపు మాత్రం ఆయన గుప్పిట్లోని నాలుగు రెమ్మల మీద ఉంది.

దొరికినవన్నీ తెచ్చి, కుండీని మళ్లీ పైకి చేర్చి, మైదా ఉడికించి, కొమ్మలకు అంటిస్తుంటే శోభ వచ్చింది. దోసిట్లో ఆకులు.

"మెట్ల మీదనే అందరు జమ్మి ఇచ్చిండ్రు. ఈసారి ఆకు ఎంత ముద్దుగున్నదో సూడుండ్రి, అచ్చం మన..."

నా వేళ్లకున్న మైదాను చూసింది, పుల్లను చూసింది, దోసిలిని చూసుకుంది. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. కింద కూర్చుని, ఒక కొమ్మను గోటితో మెల్లగా గీకింది. బెరడు కింద పచ్చగా ఉంది.

"పానమైతే ఉన్నది," అంది. "దీనికి ఎండ కావాలె. నీళ్లు తక్కువ పొయ్యాలె. మీరైతే అస్సలు వద్దు."

ఆనాటి నుంచి నేను బాల్కనీ గుమ్మం దగ్గర, ఆపరేషన్ గది బయట కూర్చునే చుట్టంలా కాపు కాశాను. గంగారాం అన్న కూడా మోకాళ్లు పట్టుకొని వచ్చి ఎట్లున్నదని అడిగిపోయేవాడు. ఒక పొద్దున కొమ్మల మీద ఆవగింజలంత పచ్చచుక్కలు. చూస్తుండగానే చెట్టు నిండింది. ఆకులు మునుపటికన్నా చిన్నవి, మరింత ముద్దుగా.

ప్రదర్శనలో న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దావిడ దాని ముందు చాలాసేపు నిలబడింది. "ఆకు సన్నబడాలంటే మొత్తం దూసెయ్యాలె. చేతులు రావు ఎవ్వరికి. ఇంత ధైర్యం ఎవరు చేసిండ్రమ్మా?"

శోభ నా వైపు చూసింది. "మా ఆయన. మా అపార్ట్‌మెంటోళ్లంత సాయం పట్టిండ్రు."

మొదటి బహుమతి మాకే వచ్చింది. గంగారాం అన్న గేటు పక్కన నేలలో ఒక జమ్మి మొక్క నాటాడు, ఎంత పెరుగుతుందో అంత పెరగనీ అని. నేను స్నానం చేసి, పట్టు పంచె కట్టి, మోకాలు దాటని ఏ చెట్టునూ బతికినంతకాలం పండగకు పిలవనని ప్రమాణం చేయడానికి కుండీ మీద చెయ్యి చాపాను.

శోభ చప్పున కుండీని పక్కకు జరిపింది.

"ప్రమాణం దూరంకెల్లి చెయ్యుండ్రి."