పెందుర్తిలో రెండో గ్లాసు

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి బయటికి వెళ్ళిపోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. మా నాన్న విశాఖపట్నం పోర్టులో క్రేను నడిపేవాడు. ఉన్నవాళ్ళతోనే వేగలేకపోతున్నాం, పోయినవాళ్ళ గొడవ మనకెందుకు అనేవాడు. నాకూ అదే అబ్బింది. ఇప్పటికీ నమ్మను. కానీ ఒక గురువారం సంగతి మాత్రం ఇన్నేళ్ళయినా కొరుకుడుపడలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనభైల మొదట్లో మాట. నాకు ఇరవై రెండేళ్ళు. మోర్మన్ మిషనరీగా, అంటే అమెరికాలో పుట్టిన ఆ క్రైస్తవ శాఖ గురించి ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాడిగా పనిచేసేవాణ్ణి. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా బంధువర్గంలో ఆ మతం పేరు విన్నవాళ్ళే లేరు. చేరానని తెలిశాక నాన్న ఆరునెలలు నాతో మాట్లాడలేదు. మనుషులు తక్కువ కాబట్టి నన్ను సొంత ఊళ్ళోనే వేశారు. అలాగని ఇంటికి వెళ్ళడానికి లేదు.

తెల్ల చొక్కా, టై, జేబు మీద పేరు రాసిన నల్ల బిళ్ళ. సాయంత్రానికి హార్బరు వైపు నుంచి వచ్చే ఎర్రదుమ్ముతో ఆ చొక్కా ఏ రంగో చెప్పడం కష్టం. మమ్మల్ని ఎల్డర్ అని పిలవాలి, అంటే పెద్ద అని. మీసాలు కూడా సరిగ్గా రాని పెద్దలం. పూర్ణా మార్కెట్ వెనక సందులో మేడమీద గది మాది. కింద ఒక దర్జీ సాహెబు కొట్టు. మేం టీ, కాఫీ ముట్టమని తెలిసినప్పుడు ఆయన తెగ నవ్వాడు. "మాకు సారాయి ఎట్లో మీకు చాయ్ అట్లనా బాబూ!" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు కనిపించినా మాకు పాలే తెప్పించేవాడు.

మాలో అన్నిటికన్నా గట్టి నియమం ఒకటుంది. మిషనరీ ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళకూడదు. ఇద్దరిద్దర్ని జంట కడతారు. వీధిలో, బస్సులో, ఎవరింటికి వెళ్ళినా ఆ రెండోవాడు కంటికి కనిపిస్తూ ఉండాలి. వారానికొకసారి రాసే నివేదికలో ఏ రోజు కలిసి తిరిగామో, ఏ రోజు విడిగా ఉన్నామో చెప్పాలి. పెళ్ళయినవాళ్ళకైనా కాస్త ఎడం దొరుకుతుంది కానీ మాకు దొరకదు.

నా జంట ఎల్డర్ నాయుడు. ఫిజీ నుంచి వచ్చాడు. ముత్తాత ఎప్పుడో చెరకు తోటల్లో కూలికని ఓడెక్కిన మనిషి. నాయుడి తెలుగులో మా నాయనమ్మ కాలం మాటలు దొర్లేవి. ఎవరింటికి వెళ్ళినా ముసలమ్మలు నన్ను వదిలేసి అతని చుట్టూ చేరేవాళ్ళు. వయసు ఇరవై ఒకటి. అబద్ధం ఆడటం చేతకాదు. నేను అయిదు నిమిషాలు సందు చివర సోడాకొట్టుకి ఒక్కణ్ణే వెళ్ళినా, నివేదికలో "అయిదు నిమిషాలు విడిగా" అని రాసేవాడు. నాకు ఒళ్ళు మండేది.

అతను వచ్చిన ఎనిమిది నెలలకి, మా మిషన్ పెద్ద ఆఫీసున్న సింగపూర్ నుంచి ఉత్తరం వచ్చింది. ఊళ్ళో ఉన్న ఆరుగురు మిషనరీలకీ, ఆదివారం కూడే చిన్న సంఘానికీ ఇకమీదట అతనే పెద్ద. అది చదివి నాయుడు సంతోషించలేదు.

ఆ రోజు నుంచీ అతనికి నిద్ర లేదు. ఒక జంట దెబ్బలాడుకుంటే తీర్చాలి. సంఘంలో ఎవరికి జబ్బు చేసినా వెళ్ళాలి. కూటం జరిగే ఇంటివాడు ఖాళీ చెయ్యమంటే బతిమాలాలి. పొద్దున్నే మొదలై రాత్రికి ఇద్దరం చెప్పులు కూడా విప్పకుండా పడిపోయేవాళ్ళం. రెండు నెలలకే మనిషి సగమయ్యాడు. తర్వాత జ్వరం పట్టుకుంది. మాత్రలు మింగుతూ తిరిగాడు. సింగపూర్‌కి రాస్తానంటే ఒప్పుకోలేదు.

"ఇంత నమ్మి ఇచ్చారు. మంచాన పడ్డానని ఎట్లా చెప్పేది?" అన్నాడు.

నేనూ ఊరుకున్నాను. నా తప్పుల్లో అది మొదటిది.

ఆ గురువారం మేం పెందుర్తి వెళ్ళాలి. అక్కడ అప్పలనర్సమ్మ అనే ఆవిడ మా సంఘంలో మనిషి. స్టీలు ప్లాంటు కట్టేచోట పనిచేసే ఆమె భర్త కాలు విరిగి మంచంలో ఉన్నాడు. వచ్చి ప్రార్థన చేస్తానని నాయుడు మాటిచ్చాడు. పొద్దున లేవబోయి లేవలేకపోయాడు. నేనొక్కణ్ణే వెళ్ళొస్తానన్నాను. వద్దన్నాడు. వెళ్తే ఇద్దరం, లేకపోతే లేదు అని చెప్పి అలాగే నిద్రలోకి జారిపోయాడు.

నేను వెళ్ళాను. మాట తప్పకూడదని వెళ్ళానని చాలామందికి చెప్పాను. అది నిజం కాదు. నాలుగు రోజులుగా తడిగుడ్డలు మార్చి మార్చి విసిగిపోయాను. ఆ గదిలోంచి, అతని పక్కనుంచి కాసేపు బయటపడితే చాలనిపించింది. గాలికి తలుపు కొట్టుకుంటోందని బయట గొళ్ళెం పెట్టాను. నియమం తప్పుతున్నానన్న సిగ్గుతో సాహెబుకి కూడా చెప్పకుండా తలొంచుకుని దిగిపోయాను.

బస్సు కిక్కిరిసి ఉంది. కానీ నా పక్క సీటు పెందుర్తి దాకా ఖాళీగానే ఉంది. జనం కమ్మీ పట్టుకుని వేలాడారు తప్ప ఎవరూ అక్కడ కూర్చోలేదు. అప్పుడు నాకది వింతగా తోచలేదు. సుఖంగా కాళ్ళు చాపుకున్నాను.

అప్పలనర్సమ్మ చాప వేసి రెండు గ్లాసులతో మజ్జిగ తెచ్చింది. ఎప్పుడూ ఇద్దరం వస్తాం కదా, అలవాటు కొద్దీ తెచ్చిందనుకున్నాను. నా గ్లాసు తాగాను. మంచం పక్కన మోకరించి ప్రార్థన చేశాను. ఆమె భర్త నా భుజం మీదుగా గుమ్మంవైపు చూస్తూ, "నాయుడు బాబు మాటాడ్డేటి?" అన్నాడు. రాలేదు కాబట్టి అడుగుతున్నాడనుకుని, వచ్చేవారం మాట్లాడతాడులే అన్నాను.

సెలవు తీసుకుని పది అడుగులు వేశానో లేదో, అప్పలనర్సమ్మ వెనకే వచ్చి నన్ను పట్టుకుని దులిపేసింది.

"నీకు బుద్ధుందేటి బాబూ? అంత జరంతో ఉన్న మనిషిని ఎండలో తిప్పుతన్నావేటి? నుదురు ముట్టుకుంటే సెయ్యి కాలిపోనాది. గుక్కెడు మజ్జిగైనా తాగనేదు."

ఎవరి గురించి అని అడిగాను. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి బస్సు ఆగేచోటు వైపు చెయ్యి చూపించింది.

"అదిగో, ఎలిపోతన్నాడు. తొరగా తీస్కెళ్ళు."

చూశాను. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద ఒక ఎడ్లబండి తప్ప ఏమీ లేదు.

నాయుడికి జ్వరమని నేను ఆ ఇంట్లో చెప్పలేదు. అంతకుముందు ఆదివారం ఆవిడ కూటానికి రాలేదు. ఎవరి ద్వారా అయినా తెలిసి ఉంటుందేమోనని తర్వాత అందర్నీ అడిగాను. ఎవరూ చెప్పలేదన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు నా పక్క సీట్లో ఒక లావుపాటి ఆయన కూర్చున్నాడు.

సందులోకి రాగానే సాహెబు కుట్టుమిషను ఆపాడు. "అరే, ఒక్కడివే వచ్చినావేం? పొద్దున ఇద్దరూ కలిసే దిగినారు గదా. ఆయనేడీ?"

గబగబా మెట్లెక్కాను. గొళ్ళెం నేను పెట్టినట్టే ఉంది. తీసి తోస్తే తలుపు రాలేదు. సాహెబు కూడా వచ్చి పట్టాక కొంచెం జరిగింది. నాయుడు తలుపు వెనకే పడి ఉన్నాడు. నేను వెళ్ళేటప్పుడు లుంగీతో పడుకున్న మనిషి, తెల్ల చొక్కా తొడుక్కుని, పైదాకా బొత్తాలు పెట్టుకుని, బిళ్ళ కూడా తగిలించుకున్నాడు. టై చేతిలో ఉంది. స్పృహ లేదు.

సాహెబు తల బాదుకున్నాడు. "మీరిద్దరూ పోయినారనుకుని పైన ఏదో చప్పుడైతే పిల్లి అనుకుంటిని. ఒక్కడే ఉన్నాడని తెలిస్తే నేను ఎక్కి చూడనా?"

రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. టైఫాయిడ్ ముదిరిందన్నారు. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నాడు డాక్టరు. నాలుగు రోజులు ఆశ లేదు. వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని, బతికించమని తప్ప ఇంకే ప్రార్థనా చేయలేకపోయాను. గొళ్ళెం మాట ఎవరితోనూ అనలేదు. అయిదోరోజు కళ్ళు తెరిచాడు.

కోలుకున్నాక నివేదిక తెమ్మన్నాడు. సంతకం పెట్టాల్సింది అతనే. నేను అప్పటికే అంతా నిజం రాశాను. గురువారం, పెందుర్తి, నేనొక్కణ్ణే, అయిదు గంటలు విడిగా అని. నన్ను ఇంటికి పంపేస్తారని తెలుసు. పంపినా బాధ లేదనిపించింది. అంత అలిసిపోయాను. పెందుర్తిలో ఆవిడ అన్న మాట మాత్రం అతనికి చెప్పలేదు. ఆ స్థితిలో ఎలా చెప్పను?

నాయుడు కాగితం చదివాడు. కలం అడిగి తీసుకున్నాడు. "విడిగా" అన్నది కొట్టేసి "కలిసి" అని రాశాడు. కింద సంతకం పెట్టి నాకిచ్చేసి అటు తిరిగి పడుకున్నాడు.

తర్వాత నెలకి అతణ్ణి ఫిజీ పంపేశారు. రెండు ఉత్తరాలు రాశాడు. ఆరోగ్యం గురించి, వాళ్ళమ్మ గురించి రాశాడు. ఆ గురువారం ఊసు లేదు. నేనూ అడగలేదు.

అయిదు నిమిషాలకి కూడా అబద్ధం రాయని మనిషి ఆ రోజు నన్ను కాపాడటానికి అబద్ధం రాశాడేమో. అలాగే అనుకుందామని ఎంతో ప్రయత్నించాను. అనుకోబోయిన ప్రతిసారీ అప్పలనర్సమ్మ కాలిపోయిందన్న చెయ్యి గుర్తొస్తుంది. అతను నిజమే రాసి ఉంటే, నేను గొళ్ళెం పెట్టి వదిలేసి వచ్చిన మనిషి నాతోపాటు వచ్చాడు. ఏది నమ్మాలో నాకిప్పటికీ తెలియదు.