నర్సరీలో మల్లెపూలు

“...నువ్వే పోసినవ్, కాదంటలేను. గని బిడ్డ పోయిన చేతితోటి ముట్టుకుంటే నారు నిలుస్తదా?” అన్నాడు పాండు, సమతతో.

“మిరప ఎట్లున్నదో జర చూసొస్త అన్నా, అంతే.”

“చూసుడు లేదు, ముట్టుడు లేదు. ముంగట కుండీలకు నీళ్లు పెట్టు.”

మొయినాబాద్ రోడ్డు మీది ఆ నర్సరీకి పాండు యజమాని. సమత పెళ్లయి వచ్చినప్పటి నుంచి అక్కడే పని. ట్రేలలో కొబ్బరిపొట్టు నింపి, గుంటకో గింజ వేసి, మొలకలను సాకడం ఆమె వంతు. కాన్పుకు పోయేముందు కూడా మిరప గింజలు వేసే పోయింది. పాప పురిటిలోనే, దవాఖానలో పోయింది. మిరప మొలిచింది.

ఇంట్లో ఊయల కోసం దూలానికి కొట్టిన కొక్కెం చూడలేక, పురుడు తీరగానే సమత పనికి వచ్చేసింది. పాలు మాత్రం ఆగడం లేదు. అక్కడే పనిచేసే అత్త గోపమ్మ రోజూ పొద్దున మల్లెపూలు తెంపి, గుడ్డలో పరిచి, కోడలి రొమ్ములకు బిగించి కడుతోంది. పూలతో పాటే పాలూ ఎండిపోతాయని ఆమె నమ్మకం.

మధ్యాహ్నం గండిపేట నుంచి సీతారామారావు మనవరాలితో కారు దిగాడు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి.

“తాతయ్యా, నేను చదివేది నర్సరీ కదా? మరి ఇది కూడా నర్సరీయేనా?” అంది తన్వి.

“రెండూ ఒకటేనే! నర్స్ అంటే మొదట్లో పాలిచ్చి పెంచే దాది. లాటిన్‌లో దాని మూలానికి పోషించడం అని అర్థం. దాది పిల్లల్ని పెంచే గది నర్సరీ అయింది. తరవాత మొక్కలు పెంచే చోటుకీ, మీ బడికీ అదే పేరు పెట్టారు.” సమత వైపు తిరిగాడు. “చూశావా అమ్మాయ్, మీది ఎంత మంచి పేరో! అన్నట్టు, మల్లెల వాసన గుప్పుమంటోంది. ఓ మూర ఇప్పించు, మా ఆవిడకి.”

సమత కొంగు మీదికి లాక్కుంది. “అవి అమ్మేటియి కావు సార్.”

గోపమ్మ గబగబా వచ్చి ఆయన్ని గులాబీల వైపు తీసుకుపోయింది.

కారు వెళ్లాక సమత నీళ్లు కట్టేసి, షెడ్డు వెనక్కి పోయి గుడ్డ విప్పింది. నలిగి రంగు మారిన పూలు కొబ్బరిపొట్టు కుప్ప మీద రాలాయి. కాసేపటికే రవిక తడిసింది.

గోపమ్మా పాండూ చాయ తాగుతున్న చోటికి సమత అలాగే వచ్చి నిలబడింది.

“అత్తా, రేపటి సంది పూలు తెంపకు. పాండన్నా, నారు నేనే చూసుకుంట.”