నళిని వదినకు నీళ్లు

నాంపల్లిల శశికళ పేరు చెప్తే ఆ గల్లీ అంతా చేతులెత్తి మొక్కుతది. ఆ గల్లీ సంగతి మీకు తెల్వదుగని, ఒకళ్లను మెచ్చుకునుడంటే వాళ్లకు పన్ను పీకిచ్చుకున్నంత బాధ. గసువంటోళ్లు గూడ "ఆడబిడ్డను తెచ్చి ఇంట్ల పెట్టుకొని సాకుతున్నది, ఈ కాలంల ఎవరు చేస్తరమ్మా" అని నోరు నొవ్వంగ చెప్తరు. కిందింట్ల ఉండే అమరేశ్వరరావు గారు కోస్తా నుంచి వచ్చి ఏండ్లకేండ్లయింది, ఆ ‘అండీ’ మాత్రం విడువలే. మెట్ల కాడ కనబడితే చాలు, "మీరు దేవతండీ శశికళగారూ" అంటడు.

శశికళ కొంగు సదురుకొని, "దేవతనెందుకైత సార్, మా వదినే గద" అనుకుంట పైకెక్కి పోతది.

నోట్ల చక్కెర, కడుపుల కత్తెర అని ఊకెనే అనలే. ఆ కత్తెర ఎప్పటి నుంచి ఉన్నదో, ఎట్ల పదునెక్కిందో చెప్తే గని ఈ ముచ్చట అర్థం కాదు.

శశికళ పుట్టింది గౌలిగూడల. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి అప్పడాలు ఒత్తి ఈమెను, అన్న జితేందర్‌ను పెంచింది. పెండ్లయి నాంపల్లికొచ్చింది. మొగడు సదాశివ కోర్టు ముంగట మిషన్ పెట్టుకొని టైపు కొట్టెటోడు, బంగారం లాంటి మనిషి, నోట్ల నాలుక లేదు. ఆ నాలుక గూడ వాళ్లక్క నళినికే పెట్టిండేమో దేవుడు. శశికళ సుల్తాన్ బజార్ల ఒక చీరల దుకాణంల కూసొని ఫాల్ కుట్టి, పీకో కొట్టి సంసారం లాగింది. ఇప్పటికీ ఆమె కుట్టిన ఫాల్ చీర చినిగినా ఊడదు.

నళిని ఇల్లు అబిడ్స్‌ల. మొగడికి రోడ్డు మీద గడియారాల దుకాణం, ఇంట్ల ఫోను, గోద్రెజ్ బీరువా, అన్నీ ఉండె. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటరు. నళిని అర్ధంతోని ఆగే మనిషి కాదు. "మా తమ్మునికి టైపు మిషన్ ఒకటి, నువ్వు కుట్టు మిషనొకటి, మీ ఇంట్ల మనుషులెంతమందే?" అని పదిమందిల నవ్వేది.

అదంతా శశికళ మింగింది. మింగనిది ఒక్కటే.

నళిని బిడ్డ హైందవి పెండ్లి. పెండ్లికి వారం ముందటి నుంచే శశికళను ఇంటికి పిలిపిచ్చుకున్నది నళిని. చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలు గుట్టలు గుట్టలు. అన్నిటికీ ఫాల్ కుట్టాలె. గదిల కూసుంటే తల ఎత్తేటందుకు లేదు. సరిగ్గ అప్పుడే గౌలిగూడల తల్లి మంచం పట్టింది. జితేందర్ పక్క దుకాణం కాడికి పోయి ఫోన్ చేసిండు. నళిని ఎత్తింది. ఎత్తి, విని, పెట్టేసింది. మళ్ల చేసిండు. మళ్ల విని పెట్టేసింది.

ఎందుకంటే, తల్లి పోతే పెండ్లయిన బిడ్డకు మూడొద్దులు మైల. మైల మనిషి పెండ్లింట్ల తిరిగిందంటే ముహూర్తానికి దోషం అని మొగపెండ్లోళ్లు లేస్తరు. కబురు తెల్వకపోతే మైల అంటుకోదని మన పెద్దలు చెప్పిన్రు గద, ఆ సందు పట్టుకున్నది నళిని. శశికళకు చెప్పకపోతే మైల లేదు, పెండ్లికి ఆటంకం లేదు, చీరల పని ఆగదు.

అప్పగింతలయినంక పెండ్లికూతురు కారెక్కింది, చుట్టాలు కండ్లు తుడుసుకుంటున్నరు. అప్పుడన్నది నళిని, మెల్లగ, "మీ అమ్మకు జర బాగలేదటనే. పొయ్యి రా" అని.

అబిడ్స్ కెల్లి గౌలిగూడకు నడిచిపోయినా ఎంతసేపు? శశికళ పోయేసరికి ఇంట్ల అమ్మ ప్రాణం పోయిన కాడ దీపం పెట్టి ఉన్నది. జితేందర్ తలుపు కాడనే ఆపిండు. "పెండ్లి భోజనం అయిందా?" అన్నడు. "రెండుసార్లు ఫోన్ చేసిన. అమ్మ నీ చేతి నీళ్లే కావాలెనని పండ్లు బిగవట్టింది. మేం పోస్తే తాగలే." తెల్వదన్నా అని మొత్తుకున్నా నమ్మలే. నమ్మకనే మాట బందుపెట్టిండు, మాట బందుమీదనే సచ్చిపోయిండు.

నళిని ఆ తర్వాత ఒక్కనాడు గూడ ఆ ఫోన్ సంగతి ఎత్తలే. అడిగితే, "ఏ ఫోన్? పెండ్లి హడావుడిల ఎవరెత్తిన్రో" అనేది. శశికళకు కావాల్సింది పెద్దదేం కాదు. "ఔ, నేనే దాచిన, తప్పయింది" అనే ఒక్క మాట. ఆ మాట కోసం ఇన్నేండ్లు కాసుకొని కూసున్నది, పిల్లి పొయ్యి కాడ కూసున్నట్టు.

ఇగ మొన్నటి ముచ్చటకొద్దాం.

సదాశివ పోయిండు. నళిని మొగడు పోయిండు, దుకాణం పోయింది. నళినికి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, కాలు పడిపోయినై. మాట జర ముద్దగొచ్చినా, తిట్లు మాత్రం సాఫ్‌గనే వస్తుండె. అన్నిటికంటె పెద్ద కష్టం గొంతుల వచ్చింది. మింగుడు నేర్పే ఉజ్వల మేడమ్ అని దవాఖానల ఒకామె ఉంటది. ఆమె హైందవిని, శశికళను కూసోబెట్టి చెప్పింది.

"గొంతుల ఒక తలుపు ఉంటదమ్మా. మనం మింగంగనే మూసుకుంటది. ఈమెకు అది ఆలస్యంగ మూసుకుంటున్నది. నీళ్లు పలుచగుంటై గద, తలుపు పడకముందే జారి ఊపిరితిత్తులల్లకు పోతై. నిమోనియా వస్తది, ఈ వయసుల మనిషి దక్కదు. అందుకే మంచినీళ్లు, చాయ, మజ్జిగ, పలుచటివి ఏవీ ఇయ్యొద్దు. ఈ పొడి కలిపి జావ లెక్క చేసి చెంచాతోని పెట్టుండ్రి."

"ఎంత అడిగినా నీళ్లు ఇయ్యొద్దా మేడమ్?" అన్నది శశికళ.

"కాళ్లు పట్టుకున్నా ఇయ్యొద్దు."

అప్పుడు శశికళ కడుపుల ఏదో చల్లగ జారింది. ఎండకాలంల రంజన్ కుండల చల్లటి నీళ్లు తాగినట్టు.

హైందవి బ్యాంకుల పని చేస్తది, ఇంట్ల అత్తగారికి మతిమరుపు, గేటు తీసి రోడ్డెక్కుతది, ఒకళ్లు కావలుండాలె. తల్లికి పెట్టిన మనిషేమో రోజంత ఫోన్ చూసుకుంట కూసునేది, ఇంకొకామె చెప్పకుండనే మానేసింది. "ఏం చెయ్యాల్నో సమజైతలేదు అత్తా" అని హైందవి ఏడిస్తే శశికళ ఆమె తల నిమిరి, "ఫికర్ చెయ్యకు బిడ్డా. మీ అమ్మను నాకియ్యి" అన్నది.

గట్ల వచ్చింది నళిని నాంపల్లికి, ఎన్నడూ గడప లోపట కూసుండని ఇంటికి, కుర్చీల కూసోబెట్టి నలుగురు మోస్తే.

చాకిరీల లోటు చెయ్యలే శశికళ. ఆ మాట చెప్పాలె. పక్క మార్చుడు, ఒళ్లు తుడుసుడు, బట్టలు మార్చుడు, పుండ్లు పడకుండ వీపుకు పౌడరేసుడు, పురిటి బిడ్డకు చేసినట్టు చేసింది. నీళ్ల కాడ మాత్రం పగ తీర్చుకున్నది. నళిని మంచం పక్కకే స్టూలేసి కొత్త రంజన్ పెట్టింది. కండ్ల ముంగట గ్లాసు ముంచి, పైకెత్తి, గటగట తాగి, హా అని ఊపిరి విడిచేది. పొద్దుగూకితే చాయ. సాసర్ల పోసుకొని జుర్రుమని సప్పుడు వచ్చేటట్టు.

"ఒక్క గుక్క ఇయ్యవే," అనేది నళిని.

"అయ్యో వదినా, డాక్టర్లు వద్దన్నరు గద. నీకేమన్న అయితే నేను బతుకుతనా?" అని జావ చెంచా నోటికి పెట్టేది.

"ఈ జావ గోడలకు సినిమా పోస్టర్లు అంటిస్తందుకు పనికొస్తది. నువ్వెప్పుడూ గిట్లనే, ఏది చేసినా అతుకులే."

"అతికితే ఊడదు వదినా. నా పనే అది."

మధ్య మధ్యల అడిగేది, "హైందవి పెండ్లికి గౌలిగూడ కెల్లి ఫోన్ వచ్చింది, యాదికున్నదా?" అని. నళిని గోడ దిక్కు చూసేది. "ఏ పెండ్లి?" అనేది. ఒకసారి "నా పెండ్లిల ఏనుగు తెచ్చిన్రు" అని వేరే పురాణం మొదలువెట్టింది. మతి పోయిందో, పోయినట్టు చేస్తున్నదో శశికళకు అంతుపట్టలే. మతి నిజంగ పోతే ఆ మాట గూడ దాంతోనే పోతది. అదొక్కటే ఆమెకు భయం.

ఎండలు ముదిరినై. ఉజ్వల మేడమ్ ఇంటికొచ్చి గొంతు మీద వేళ్లు పెట్టి, మింగిచ్చి చూసింది. ఆ అలపుతోని నళిని చెవి మిషన్ తీసి పడుకున్నది, ఇగ ఏం వినబడదు. మేడమ్ తలుపు కాడ నిలబడి చెప్పింది. "మింగుడు మస్తు మెరుగైంది. నోరు శుభ్రంగ కడిగి చెంచా చెంచా మంచినీళ్లు పట్టొచ్చు. దానికొక పద్ధతున్నది, మిషన్ పెట్టుకొని మెలకువగ ఉన్నప్పుడు నేర్పాలె. ఒక ఫోన్ కొట్టుండ్రి, వచ్చి చూపిస్త."

"తప్పకుండ మేడమ్," అన్నది శశికళ.

కొట్టలే.

అప్పటిదాంక పగ డాక్టర్ల కొంగు చాటున ఉండె. ఆ పొద్దు నుంచి అచ్చంగ శశికళది అయింది. రోజూ ఫోను చేతులకు తీసుకునేది, పక్కన పెట్టేది. అప్పుడు ఒకామె గూడ ఫోన్ విని పక్కన పెట్టింది గద, అనుకునేది.

నళిని జావ ఉమ్మేసుడు మొదలువెట్టింది. పెదవులు పగిలినై. నాలుక చెక్క లెక్క అయింది. ఒకనాటి పగలు, బయట రోడ్డు గూడ నిద్రపోయిందా అన్నట్టున్న ఎండల, శశికళ తడిబట్టతోని ఆమె పెదవులు అద్దుతుంటే చెయ్యి కాలింది. జరం. సచ్చిపోతదేమో అనిపిచ్చింది, చెప్పకుండనే పోతదేమో అని.

చెవికి మిషన్ పెట్టింది. "వదినా. ఇప్పుడన్న చెప్పు. ఫోన్ ఎవరెత్తిన్రు?"

నళిని కండ్లు తెరిచింది. ఆ కండ్లల్ల మతిమరుపు లేదు, ఏం లేదు, అద్దం లెక్క ఉన్నై.

"నేనే ఎత్తిన," అన్నది.

"నువ్వే దాచినవు."

"ఔ, దాచిన. మీ అమ్మ ముసల్ది, ఎట్లనన్న పోయేదే. ఆ లగ్గం తప్పితే నా బిడ్డకు మళ్ల వచ్చేది కాదు. మళ్ల గట్లనే అయితే మళ్ల దాస్త." ఊపిరి తీసుకున్నది. "నీళ్లు అడుగుతున్నది, చెల్లెను పంపుమని ఏడ్చిండు మీ అన్న. విన్న. అన్నీ విన్న. ఇగ చెప్పిన గద, నీళ్లియ్యి."

శశికళ అనుకున్నది, ఆ మాట వింటే గుండెల బరువు దిగుతదని. దిగలే. తప్పయిందనే ముక్క లేని మాట అది, పీకో కొట్టని అంచు లెక్క, ఎటు పట్టుకున్నా పోగులే. తల్లి నీళ్లు అడిగిన సంగతి తెలిసే ఫోన్ పెట్టేసింది, ఆ పక్క గదిలనే తను చీరలు కుట్టుకుంట కూసున్నది.

లేచింది. రంజన్ల గ్లాసు ముంచింది, నిండుగ. వచ్చి నళిని మెడ కింద చెయ్యి పెట్టి తల వెనుకకు వాల్చింది.

"తాగు వదినా. నువ్వే అడిగినవు గద."

గ్లాసు అంచు పెదవికి తగిలింది. నిండు గ్లాసు, వెనుకకు వాలిన గొంతు. ఏమన్న అయితే అడిగేటోళ్లెవరు? దాహమంటే పోసింది పాపం అంటరు, అమరేశ్వరరావు గారు మళ్ల దేవత అంటడు. శశికళకు అన్నీ ఒక్కసారే కనబడ్డై.

నళినికి గూడ కనబడ్డై. ఇన్నాళ్లు గుక్కెడు నీళ్లకు ఏడ్చిన మనిషి, నీళ్లు పెదవి మీద ఉండంగ, పండ్లు బిగవట్టింది. పనిచేసే చెయ్యితోని శశికళ మణికట్టు పట్టుకున్నది. కండ్ల నిండ భయం. జీవితంల మొదటిసారి నళిని శశికళకు భయపడ్డది.

శశికళ ఆ కండ్లల్లకు చూసింది, కడుపునిండ, తొందరలేకుండ. చూసినంత సేపు చూసి గ్లాసు కింద పెట్టింది. నువ్వు ఇంత అల్కగ పోతే నాకేం మిగులుతది అనుకున్నది. ఫోన్ తీసింది.

దవాఖానల సెలైన్ ఎక్కిచ్చి, జరం దించి, ఇంటికి పంపిన్రు. ఉజ్వల మేడమ్ వచ్చి కోపం చేసింది. "ఎప్పుడో ఫోన్ చెయ్యమన్న గదమ్మా?"

"మర్చిపోయిన మేడమ్. వయసు," అన్నది శశికళ.

మేడమ్ పద్ధతి చూపిచ్చింది. వీపు నిటారుగ కూసోబెట్టాలె. చెంచా నీళ్లు నోట్ల పొయ్యంగనే గడ్డం ఛాతికి ఆనేదాంక తల దించాలె, దించి మింగాలె. దించితెనే తలుపు మూసుకుంటది, ఎత్తితే పొర పోతది. "ప్రతి చెంచాకు గిట్లనే. జీవితాంతం," అన్నది మేడమ్.

నళిని శశికళ దిక్కు చూసింది. శశికళ చెంచా ఎత్తింది.

"తల దించు వదినా."

నళిని దించలే. దాహం ఒక దిక్కు, మెడ ఒక దిక్కు కొట్లాడినై. ఆఖరుకు ఆ మెడ వంగింది. గుటక సాఫ్‌గ దిగింది.

"మళ్ల," అన్నది శశికళ.

ఆదివారం హైందవి వచ్చింది. తల్లి మొఖం తేటగ ఉండేసరికి సంబురపడి, "అత్తా, ఈ పూట నీళ్లు నేను పట్టిస్త, నువ్వు జర కూసో" అని చెంచా అందుకోబోయింది.

శశికళ చెయ్యి పక్కకు జరిపింది. "వద్దు బిడ్డా. ఈ ఒక్క పని నాకు విడిచిపెట్టు."

హైందవికి కండ్లల్ల నీళ్లు తిరిగినై. "అమ్మా, అత్తను చూస్తున్నవా?" అన్నది.

నళిని చూస్తనే ఉన్నది. చూసి, దాహమై, తల దించింది.